నల్లరేగడిలో దిగబడ్డ: తప్పు బండి ఎలక్ట్రానిక్స్‌దా, నా కాలిదా?

తాండూర్_రేగడి
అన్నలూ అక్కలూ, పెద్ద పోస్టు, జర ఓపికతోని చదవండి. పోయిన ఆదివారం ఊరికి పోయిన, మాది తాండూర్ దిక్కు. రాత్రంత వాన. పొద్దుగాల పెదనాయన కంది చేను చూసొద్దామని బండిని డొంక బాటల దింపిన. బండి పేరు చెప్త లేను, ఇది కంపెనీ మీద కంప్లైంట్ కాదు, అందరిస్తున్న సామానే దీంట్ల గూడ ఉన్నది. ఫోర్ బై ఫోర్ (ఇంజిన్ బలం నాలుగు చక్రాలకు), ఆటోమేటిక్ గేర్లు, 4ఎల్ (మెల్లగ, ఎక్కువ బలంతోని నడిపే గేరు), జారే చక్రాన్ని బ్రేకులతోని పట్టే డిఫ్ లాక్, హిల్ డిసెంట్ (దిగుడుల బ్రేకులు తానే వేసేది), మడ్ మోడ్ (బురద బటన్). తీసుకుని ఎనిమిది నెలలైంది. టైర్లు మాత్రం షోరూమ్‌ల వచ్చినవే, హైవే టైర్లు.

డొంక నడుమ ఒక వంపు ఉంటది, ఆడ నీళ్ళు నిలుస్తయి. 4హెచ్‌ల (నాలుగు చక్రాలు, మామూలు స్పీడ్ గేర్లు) పెట్టి మడ్ మోడ్ నొక్కి పోయిన. సగం దాక మంచిగనే పోయింది, ఆ తర్వాత ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఉత్తగ తిరుగుడు షురూ చేసినయి. కింద నుంచి గర్ర్ గర్ర్ అని సప్పుడు, కాళ్ళ కింద ఫ్లోర్ వణుకుతున్నది, మీటర్ల పసుపు లైటు కొట్టుకుంటున్నది. ఏమన్న ఇరిగిందేమో అని భయమై కాలు తీసిన. మళ్ళ ఇచ్చిన, మళ్ళ సప్పుడు, మళ్ళ తీసిన. గట్ల పది సార్లు చేసేసరికి బండి ఇంతింత కిందికే పోయింది.

ఇంకో గంటకు పాల క్యాన్లేసుకొని ఒక పాత జీపు వచ్చింది. దాంట్ల ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రాలు లాక్ గాకుండ చూసేది) గూడ లేదు. ఆయన ముందుగాల దిగి నడిచి చూసుకున్నడు, ఆ తర్వాత కుడి దిక్కు చక్రాలు గట్టు గడ్డి మీద పెట్టి, ఏడ ఆపకుండ, స్పీడ్ గూడ పెంచకుండ దాటిండు. వెనక్కొచ్చి తాడు కట్టి నన్ను గుంజిండు. పొయ్యేటప్పుడు ఒక్క మాట అడిగిండు, "సార్, బండి పని చేస్తుంటే మీరు కాలెందుకు తీస్తున్రు?" అని. ఆ మాట మనసుల నుంచి పోతలేదు. ఇన్ని లక్షలు పెట్టి ఈ బటన్లు కొన్నది దేనికి, నేర్చుకునేది ఇంక ఉంటే ముందుగాల నేర్చుకోవాల్సింది ఏంది? తెలిసినోళ్ళు చెప్పండి.

పాతజిప్సీ_వైజాగ్
బ్రో, బాధపడకు, అందరం దిగబడిన వాళ్ళమే. కానీ నా అభిప్రాయం మాత్రం గట్టిగా చెప్తా. నా దగ్గర 2004 జిప్సీ ఉంది, ఆకు స్ప్రింగులు, రెండు గట్టి యాక్సిళ్ళు, 4హెచ్, 4ఎల్ మార్చే ఒక ట్రాన్స్‌ఫర్ కేస్ లివరు, అంతే. ఇరవై ఏళ్ళుగా దాన్నే తోలుతున్నా. చక్రం జారితే సీటులోంచి నడుముకే తెలుస్తుంది, ఎవరో లైటు వేసి చెప్పక్కర్లేదు. చక్రం గాల్లో లేచిందా, 4ఎల్ ఫస్ట్‌లో ఉంచి కుడికాలు యాక్సిలరేటర్ మీద కొంచెం ఉంచి ఎడంకాలితో బ్రేకు మెల్లగా తాకిస్తా, ఉత్తిగా తిరిగే చక్రం ఆగి రెండోవైపు పట్టు వస్తుంది. ఇది నాకు మాన్యువల్ చెప్పలేదు, పాడేరు ఘాట్ కింద ఒక రాళ్ళ వాగులో మూడు గంటలు నిలబడితే వచ్చింది.

కొత్త బండ్లు కొన్నవాళ్ళని ట్రైల్స్‌లో చూస్తున్నా, దిగి నడిచి దారి చూసేవాళ్ళే లేరు. ముందు బటన్ నొక్కడం, తర్వాత గ్యాస్ ఇవ్వడం, తర్వాత ఫోన్ చెయ్యడం. కొత్తగా మొదలెట్టేవాళ్ళు ఒక ఏడాదైనా ఎలక్ట్రానిక్స్ లేని బండి మీద నేర్చుకోవాలి, నేనైతే అదే చెప్తా.

గోదారి_దమ్ము
రేగడి గారూ, ఆ పాల జీపాయన అడిగింది నూటికి నూరు పాళ్ళు సరైన ప్రశ్నండి. నాకు జీపుల గురించి తెలిసింది తక్కువ, ట్రాక్టర్ గురించి మాత్రం పుట్టినప్పట్నుంచీ తెలుసు, మాది తణుకు దగ్గర. మీ బండిలో ఆ సప్పుడు దేనిదో ట్రాక్టర్ మీద కూర్చుంటే పావుగంటలో అర్థమైపోద్ది.

ట్రాక్టర్‌కి కుడికాలు దగ్గర బ్రేకు పెడళ్ళు రెండుంటాయండి, ఒకటి ఎడం వెనక చక్రానికి, ఒకటి కుడి వెనక చక్రానికి. రెండిటినీ కలిపే చిన్న ఇనప పట్టీ ఉంటది. రోడ్డెక్కితే ఆ పట్టీ వేసి తీరాలి, లేదంటే ఒక చక్రమే పట్టి ట్రాక్టర్ పల్టీ కొడతది, మనుషులు పోయారు అలా. చేలోకి దిగాక పట్టీ తీసేస్తాం. దమ్ము చేసేటప్పుడు గట్టు వారన కుడి చక్రం మెత్తట్లో దిగి ఉత్తినే గిరగిరా తిరుగుతుంటది, ఎడం చక్రం గట్టి నేల మీదుండి కూడా కదలదు. అప్పుడు కుడి బ్రేకు మెత్తగా నొక్కితే, ఇంజిన్ ఒక్కసారి మూలుగుతది, బలం ఎడం చక్రానికి వెళ్ళి బండి బయటకొస్తది. నొక్కేటప్పుడు థ్రాటిల్ తగ్గించామా, అక్కడే ఆగిపోతది. ఎందుకంటే ఇంజిన్ ఇప్పుడు రెండు పనులు చెయ్యాలి, ఆ బ్రేకుతో పోట్లాడాలి, మిమ్మల్నీ లాగాలి. మా నాన్నగారు నాకు పదమూడో ఏట నేర్పిన మొదటి పాఠం ఇదే, "బ్రేకు నొక్కినప్పుడు చెయ్యి వెనక్కి తియ్యకు" అని. చెయ్యి అంటే ఆ థ్రాటిల్ లివరండి.

మీ బండిలో బ్రేకు లాక్ చేసేది అచ్చంగా ఇదే పని. కాకపోతే ఏ పెడల్ నొక్కాలో మీ కాలికి బదులు ఏబీఎస్ సెన్సార్లు చూసుకుంటున్నాయి. గర్ర్ అన్నది బ్రేకు పంపు. అంటే సాయం వచ్చిన ప్రతిసారీ మీరు కాలు తీసి దాన్ని ఆపేశారు. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, ఆ సప్పుడు అంటే ఏంటో మీకు చెప్పినవాళ్ళు లేరు.

డిఫ్ లాక్ పెడల్ అని ఇంకోటుంటది, మడమతో తొక్కేది. అది తొక్కితే రెండు చక్రాలూ ఒకటే అయిపోతాయి. నేరుగా బయటకొచ్చేదాకా తొక్కి, తిప్పే ముందు వదిలెయ్యాలి. వదలకుండా స్టీరింగ్ తిప్పితే ముక్కు తిరగదు, గట్టుకి గుద్దేస్తది. నేనొకసారి ఆ తప్పు చేసి పక్కోళ్ళ గట్టు తెగ్గొట్టా, సాయంత్రం దాకా పారతో నేనే వేశా.

స్పానర్‌సెట్
గోదారి గారు చెప్పినదానికి లెక్క కలుపుతా. మామూలు డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్లు) రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానమైన తిప్పుడు బలమే ఇస్తుంది. చాలామంది "జారే చక్రానికి బలమంతా పోతుంది" అంటారు, స్పీడ్ పోతుంది గానీ బలం పోదు. జారే చక్రం పది కేజీల బలానికే తిరిగిపోతుంటే గట్టి నేల మీదున్న దానికీ ఆ పదే దక్కుతుంది, బండి కదలదు. జారే చక్రాన్ని బ్రేకు పట్టుకుంటే అక్కడ నిరోధం పెరుగుతుంది, అంతే బలం అవతలి చక్రానికీ వస్తుంది. బ్రేకులో పోయిన భాగం వేడైపోతుంది. కాబట్టి ఆపకుండా చాలాసేపు వాడితే బ్రేకులు కాలి సిస్టమ్ తనంతట తనే పక్కకి తప్పుకుంటుంది.

తాండూర్ తమ్ముడూ, నువ్వు 4హెచ్‌లో ఉండటం ఇంకో విషయం. 4హెచ్‌లో చాలా బండ్లకి ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా చూసేది), ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసేది) ఆన్‌లోనే ఉంటాయి, చక్రం జారగానే ఇంజిన్ పవర్ కోసేస్తాయి. బురదలో కావలసింది దానికి ఉల్టా. 4ఎల్ వేస్తే చాలా బండ్లలో ఈ పవర్ కోత పోతుంది, బ్రేకు లాక్ మాత్రం ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఆ పేజీ ఒక్కటి చదువు, బండి బండికీ తేడా ఉంటుంది.

అసలు దొంగ మాత్రం నీ టైరు. నల్లరేగడి తడిస్తే టైరు గాళ్ళలో మైనంలా అతుక్కుంటుంది, రెండు చుట్లు తిరిగేసరికి నున్నటి డ్రమ్ము. దాని మీద ఏ కంప్యూటర్ పెట్టినా ఏం పట్టుకుంటుంది? పట్టే చక్రం ఒక్కటైనా ఉంటేనే ఏ లాకైనా పనిచేసేది. ఇంకో మాట, తాడు ఎక్కడ కట్టారు? టో హుక్‌కేనా? బంపర్‌కి గానీ ట్రెయిలర్ బంతికి గానీ ఎప్పుడూ కట్టకండి, తెగితే అది తూటాలా వస్తుంది. లాగేటప్పుడు మనుషుల్ని తాడు పొడవుకి రెట్టింపు దూరంలో నిలబెట్టండి.

తాండూర్_రేగడి
టో హుక్‌కే కట్టినమన్నా. పిల్లలు మాత్రం దగ్గర్నే నిలబడ్డరు, ఇంకోసారి గట్ల కానియ్య.
గోదారన్నా, ట్రాక్టర్ ముచ్చట చదివి మా పెదనాయనకు ఫోన్ చేసిన. "నాకు తెల్వదా, నన్నడిగితివా" అన్నడు.

కొండదారి
నమస్తే అందరికీ. వైజాగ్ అన్నా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ "ఏడాది ఎలక్ట్రానిక్స్ లేని బండి మీద" అన్న మాట ఒప్పుకోలేను. నేను ఆరోగ్యశాఖ పని మీద అల్లూరి జిల్లాలో కొండ ఊళ్ళకి వెళ్తుంటాను. ఆఫ్‌రోడింగ్ నాకు సరదా కాదు, వారానికి నాలుగు రోజుల ఉద్యోగం. నా బండి జిమ్నీ, ఆటోమేటిక్. వెనక సీట్లో వ్యాక్సిన్ బాక్సులు, ఒక్కోసారి నెలలు నిండిన అమ్మాయి, పక్కన వాళ్ళ అత్త.

మేం వెళ్ళే ఒక ఊరు దారిలో అర కిలోమీటరు దిగుడు ఉంది, ఎర్రమట్టి మీద గుండ్రాళ్ళు, వానకి సబ్బులా ఉంటుంది. మాన్యువల్ బండి అయితే 4ఎల్ ఫస్ట్‌లో వేసి కాళ్ళు రెండూ కింద పెట్టుకుని దిగొచ్చు, ఇంజినే ఆపుతుంది. ఆటోమేటిక్‌లో క్లచ్‌కి బదులు నూనెతో బలం పంపే టార్క్ కన్వర్టర్ వల్ల అంత పట్టు ఉండదు, బండి జారి స్పీడ్ అందుకుంటుంది. భయంతో బ్రేకు గట్టిగా తొక్కామా, ముందు చక్రాలు లాక్ అయ్యి స్టీరింగ్ పోతుంది, ఏబీఎస్ ఉంటే స్టీరింగ్ ఉంటుంది గానీ ఆగడానికి చాలా దూరం పడుతుంది, ఎందుకంటే రాళ్ళలో లాక్ అయిన చక్రం ముందు మట్టి కుప్పలా పోగై ఆపుతుంది, ఏబీఎస్ ఆ కుప్ప కట్టనివ్వదు. నేను 4ఎల్, కింది గేర్ వేసి ఆపైన హిల్ డిసెంట్ నొక్కుతాను. అది ఏ చక్రం జారుతుంటే దాన్ని వదిలి, పట్టున్న చక్రాన్ని పట్టుకుంటుంది. నాలుగు చక్రాలకి నాలుగు వేర్వేరు బ్రేకులు ఒకేసారి వెయ్యడానికి మనిషికి నాలుగు కాళ్ళు లేవు కదా అన్నా. అప్పుడు నా కళ్ళు, చేతులు రెండూ దారి మీదే ఉంటాయి. మొదటిసారి కాళ్ళు పెడళ్ళ మీద నుంచి తీసి నేల మీద పెట్టడానికి నాకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది, వేళ్ళు చెప్పులో ముడుచుకుపోయాయి.

ల్యాండ్‌రోవర్ వాళ్ళు ఈ హిల్ డిసెంట్‌ని 1997లో ఫ్రీలాండర్‌లో పెట్టిందే అందుకు, దానికి లో రేంజ్ గేర్‌బాక్సు లేదు. అంటే లేని గేరుకి బదులుగా పుట్టిన సాయం ఇది. లో రేంజ్ ఉన్నవాళ్ళు ముందు అది వాడాలి, ఆ తర్వాతే బటన్. పొడుగు ఘాట్‌లో ఒట్టి బటన్ మీదే దిగితే బ్రేకులు కాలిపోతాయి.

ఇసుక_షార్జా
ఇక్కడ షార్జా ఎడారిలో అల్ బదాయర్ దగ్గర ప్రతి శుక్రవారం దిబ్బల్లోనే ఉంటా. ఇసుకలో ముందు రెండు పనులు, టైరు గాలి 15 పీఎస్ఐకి దింపడం, ట్రాక్షన్ కంట్రోల్ బటన్ పూర్తిగా ఆఫ్ అయ్యేదాకా నొక్కి పట్టుకోవడం. ఇసుకలో వేగమే మన ఆస్తి, దిబ్బ ఎక్కుతుంటే సగంలో కంప్యూటర్ పవర్ కోసిందనుకోండి, శిఖరానికి రెండు మీటర్ల కింద ఆగిపోతాం. ఆగితే నేరుగా రివర్స్‌లో దిగాలి, పక్కకి తిప్పితే దొర్లుడే. ఇది నేర్పు తప్ప ఏ బటనూ చెయ్యదు.

అలాగని ఎలక్ట్రానిక్స్ దండగ అనను. మా గ్రూపులో ఒక కొత్తాయన ల్యాండ్ క్రూజర్ ఛాసిస్ దాకా దించేశాడు, పార తియ్యబోతుంటే క్రాల్ కంట్రోల్ (థ్రాటిల్, బ్రేకు తనే చూసుకుని మెల్లగా నడిపేది) వేశాడు, చక్రాలు ఒక్కొక్కటి కొంచెం కొంచెం కదుల్తూ ఇసుకని తమ కిందకే సర్దుకుంటూ పైకొచ్చింది. అంత సన్నగా థ్రాటిల్ ఇవ్వడం నా వల్ల కాదు. గాలి దింపినప్పుడు పదునుగా తిప్పకండి, రిమ్ము నుంచి టైరు ఊడొస్తుంది. రోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి కొట్టుకోండి, కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

పాతజిప్సీ_వైజాగ్
కొండదారి అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివా. వెనక సీట్లో నిండు గర్భిణితో ఆ దిగుడు అన్నారు చూడండి, అక్కడ నా మాట నిలవదు. నాకు నేర్చుకోవడానికి ఆదివారాలు ఉన్నాయి, మీకు లేవు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఇంకోటి ఒప్పుకోవాలి. మా ఎక్కుడు పాఠం ఒకటుండేది, కొండ మధ్యలో ఇంజిన్ ఆగిపోతే గేరులోనే ఉంచి బ్రేకు మీద నిలబడి, రివర్స్ వేసి క్లచ్ పూర్తిగా వదిలేసి, తాళం తిప్పి స్టార్టర్‌తోనే వెనక్కి కదలడం. తాళం తిప్పాక క్లచ్ ముట్టుకోం కాబట్టి బండి ఒక్క అంగుళం కూడా జారదు. ఇప్పటి చాలా బండ్లలో క్లచ్ తొక్కకపోతే స్టార్టే అవ్వదు. కాబట్టి వాళ్ళకి నేను నేర్పే పాఠం పనికిరాదు, హిల్ హోల్డ్ (ఎక్కుడులో బండి వెనక్కి జారకుండా పట్టేది) నమ్ముకోవాల్సిందే. బండి మారితే నేర్పూ మారుతుంది, దాన్ని నేను ఆలస్యంగా చూశా. అయినా దిగి నడిచి చూడటం మాత్రం మారదు, దాని మీద రాజీ లేదు.

స్పానర్‌సెట్
వైజాగ్ అన్నా, ఇంకోటి కూడా న్యాయంగా చెప్పాలి. నీ జిప్సీ బరువు టన్ను చుట్టుపక్కల. ఇప్పుడొచ్చేవి కొన్ని టన్నున్నర దాటి రెండు టన్నుల దాకా ఉన్నాయి, వెడల్పు టైర్లు. బురదలో నువ్వు దాటి వాళ్ళు దాటలేదంటే అదంతా నీ కాలి గొప్పే అనుకోకు, సగం బండి బరువు గొప్ప.

అటువైపు వాళ్ళకీ ఒక మాట. నా షెడ్డుకి వాగు దాటొచ్చిన బండి ఒకటి వచ్చింది, మీటర్‌లో దీపావళి. వెనక చక్రం స్పీడ్ సెన్సార్ దగ్గర బురద గట్టిపడి వైరు లాగేసింది. ఆ ఒక్క వైరుతో ఏబీఎస్, ఈఎస్‌పీ, బ్రేకు లాక్, హిల్ డిసెంట్ అన్నీ ఒకేసారి పడుకున్నాయి, ఎందుకంటే అన్నిటికీ కళ్ళు ఆ నాలుగు సెన్సార్లే. ఆయన అడవి మధ్య నుంచి పదకొండు కిలోమీటర్లు ఏమీ లేకుండా తోలుకొచ్చాడు. తోలగలిగాడు కాబట్టే వచ్చాడు. ప్రతి బురద ట్రిప్పు తర్వాత చక్రాల లోపలి వైపు నీళ్ళతో కడగండి, పైన బాడీకి షాంపూ తర్వాత పెట్టుకోవచ్చు.

కొత్తగా_కొనేవాడు
గూర్ఖాలో ముందూ వెనకా మెకానికల్ లాకులు ఉన్నాయి, థార్ రాక్స్‌లో ఎలక్ట్రానిక్ లాకు, ఇంటెలిటర్న్, క్రాల్‌స్మార్ట్ (మెల్లగా నడిపే సాయం) అన్నీ ఉన్నాయి. నాకు రెండూ నచ్చాయి. మారేడుమిల్లి వైపు, మా ఊరి చెరువు గట్టు, ఇంతే నా వాడకం. ఏది?

గోదారి_దమ్ము
మీకు రెండూ ఎక్కువేనండి, సర్వీస్ సెంటర్ దగ్గరున్నది తీసుకోండి. కానీ ఇంటెలిటర్న్ గురించి చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది. లోపలి వైపు వెనక చక్రాన్ని పట్టేసి బండిని చిన్న చోట్లో తిప్పుతది కదా, చేను చివర ట్రాక్టర్‌ని మేం తిప్పేది అలాగే, ఒక కాలు లోపలి బ్రేకు మీద, చెయ్యి స్టీరింగ్ మీద. గట్టి రోడ్డు మీద మాత్రం చెయ్యకండి, టైరు అరిగిపోద్ది.

మెకానికల్ లాకు గురించి ఒక జాగ్రత్త. ఏటవాలుగా, అంటే ఒక పక్క ఎత్తు ఒక పక్క పల్లం ఉన్న చోట లాకు వేసి గ్యాస్ ఇస్తే రెండు వెనక చక్రాలూ కలిసి జారి తోక పల్లంలోకి పోతది. లాకు లేకపోతే ఒక చక్రం తిరుగుతూ ఒకటి నిలబడి తోకని పట్టుకుంటది. బలం ఎక్కువైనా ప్రమాదమే అక్కడ.

మోడరేటర్
చర్చ బాగుంది, ఒక్క మనవి. చెరువు కట్టల మీద, నాటు వేసిన చేల వారన ప్రాక్టీస్ వద్దు, గాళ్ళు పడితే నీళ్ళు అటే తెగుతాయి. బీచ్‌కి వెళ్ళేవాళ్ళు, జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఇసుక పైభాగంలోకి బండ్లు దింపకండి. అడవిలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా దారి దిగొద్దు.

తాండూర్_రేగడి
మూడు వారాలకు మళ్ళ వస్తున్న. మొన్న శనివారం రాత్రి వాన పడ్డది, కావాలనే అదే డొంకకు పోయిన. పెదనాయన పక్కన కూసున్నడు. ఈసారి ముందుగాల చెప్పులు ఇప్పి వంపుల నడిచిన, ఎడమ దిక్కు పిక్క దాక దిగింది, కుడి దిక్కు గట్టు పొంటి మడమ దాకనే. గాలి 22కు దింపిన. 4ఎల్ వేసిన, మీటర్ల ఈఎస్‌పీ ఆఫ్ లైటు దానంతట అదే వచ్చింది. కుడి చక్రాలు గడ్డి మీద పెట్టి మెల్లగ పోయిన.

నడుమకు రాంగనే గర్ర్ షురూ. నా కాలు దానంతట అదే లేవబోయింది, పెదనాయన మోకాలి మీద చెయ్యేసి "తియ్యకు" అన్నడు. తియ్యలె. టాకోమీటర్ 2000 దగ్గర్నే పట్టుకున్న, పెంచలె, తగ్గించలె. ఒకటి, రెండు, మూడు సెకన్లు బండి ఉన్న కాడనే మూలిగింది, అటెన్క వెనక ఎడమ చక్రం పట్టుకొని ఇంతింత ముందుకు గుంజింది. దాటినంక దిగి చూస్తే టైర్ల గాళ్ళు కానొస్తలేవు, స్పానరన్న చెప్పినట్టు నున్నటి డ్రమ్ములే. వాపస్ వచ్చేటప్పుడు మాత్రం అదే కాడ మళ్ళ దిగబడ్డ, పారతోని తీసుకొని బయటకొచ్చిన.

పోయిన వారం పెదనాయన ట్రాక్టర్ గూడ ఎక్కిన. బ్రేకు పట్టీ తీసి, బీడు భూమిల, ఒక్కొక్క పెడల్ నొక్కి చూసిన. గోదారన్నా, కుడిది నొక్కంగ ఇంజిన్ మూలిగింది చూడు, నా బండిల విన్న సప్పుడుకు దానికి చుట్టరికం ఉన్నట్టే అనిపించింది.

ఇప్పుడు టైర్లు మార్చాలె. ఆల్ టెరైన్ (అన్ని బాటలకు పనికొచ్చే టైరు) చాలునా, రేగడికి మడ్ టెరైనే (బురద టైరు) కావాల్నా? నెలకు రెండుసార్లు ఊరు, మిగిలిందంత హైదరాబాద్ రోడ్లే.

స్పానర్‌సెట్
నీ వాడకానికి ఆల్ టెరైన్ చాలు తమ్ముడూ. మడ్ టెరైన్ వేస్తే హైవేలో హోరు, తడి రోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, అక్కడే కదా నీ కిలోమీటర్లన్నీ. రేగడిలో గాళ్ళు నిండినప్పుడు పట్టున్న చోట ఒక్క క్షణం చక్రం జోరుగా తిప్పితే మట్టి విసిరేసుకుంటుంది. సైజు మాత్రం కంపెనీదే ఉంచు, పెద్దది వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. పార మాత్రం బండిలోంచి తియ్యకు.

పాతజిప్సీ_వైజాగ్
చెప్పులిప్పి నడిచావు చూడు, అది చదవగానే చాలా సంతోషమేసింది బ్రో. వైజాగ్ వస్తే చెప్పు, జిప్సీ తాళం నీకిస్తా, కొండదారి అక్క ఒప్పుకుంటే ఆవిడ దిగుడు దారిలోనే వెళ్దాం.

కొండదారి
రండి అన్నా. వానాకాలం అయ్యాక రండి, దారి మధ్యలో ఒక కల్వర్టు కొట్టుకుపోయింది, అది వేసేదాకా నేను కూడా చివరి రెండు కిలోమీటర్లు నడిచే వెళ్తున్నాను.